గొడవ పల్లవి మీద, గుట్టు మధ్య చరణంలో

విజయనగరంలో ఓ కళాశాల వార్షికోత్సవంలో విద్యార్థుల బ్యాండ్ పాడిన ఇంగ్లిష్ పాట అర నిమిషం ముక్కగా వాట్సాప్‌లోకి ఎక్కి శ్రీకాకుళం దాకా పాకింది. ఆ ముక్కలో ఉన్నది పల్లవి ఒక్కటే. అందులోనూ స్పష్టంగా చెవిన పడేది యేసు పేరొక్కటే. మా దేవుణ్ణి వెక్కిరించారంటూ ఒక వర్గం పోలీసులకు అర్జీ పెట్టుకుంది. పాస్టర్ల బండారం బయటపెట్టిన పాట అంటూ ఇంకో వర్గం అదే ముక్కను చప్పట్ల బొమ్మలు తగిలించి పంచుతోంది. పాట మొదటినుంచి చివరిదాకా విన్నవాళ్లు రెండు పక్కలా తక్కువే.

పాట పేరు 'జీసస్ హీ నోస్ మీ'. ఇంగ్లండ్‌కు చెందిన జెనెసిస్ బృందం 1991 నవంబరులో తెచ్చిన 'వీ కాంట్ డాన్స్' ఆల్బమ్‌లోది. మరుసటి ఏడాది సింగిల్‌గా, అంటే విడిపాటగా వచ్చింది. పాడింది ఫిల్ కాలిన్స్. ఆ బృందం పుట్టుపూర్వోత్తరాలు ఈ గొడవకు అక్కర్లేదు. మన పిల్లలు నేర్చుకున్నది మాత్రం స్వీడన్ బృందం గోస్ట్ 2023లో మళ్లీ పాడిన వెర్షన్. గోస్ట్ గాయకుడు పోపును తలపించే అంగీ, కిరీటం, పుర్రె మొహంతో వేదిక ఎక్కుతాడు. ఇక్కడ పాడిన కుర్రాడూ మొహానికి తెల్లరంగు, కళ్లచుట్టూ నలుపు పూసుకున్నాడు. గొడవలో సగం వాటా ఆ రంగుది. మాటలు మాత్రం 1991 నాటివే.

ఆ మాటల్లో 'నేను' అంటున్నవాడు టీవీ బోధకుడు. తన గుట్టు తానే ఒక్కో చరణంలో ఇంత చొప్పున విప్పుకుంటాడు. మొదట టీవీలో తన వెలుగు, స్వర్గంలో ఓ ముక్క కొనుక్కోమనే బేరం. తరవాత కుటుంబ విలువలు, పక్కన భార్య, ఆ భార్యకు తెలియని సంబంధాలు. ఆపైన రోజురోజుకూ పెరిగే ఆస్తి, ఉచితంగా చేసుకునే ఫోన్ నంబరు, ఇప్పుడే చేయండి అనే తొందర. దేవుడికి దగ్గర కావాలంటే మోకాళ్లూని చెల్లింపు మొదలుపెట్టమంటాడు. యేసుకు తానెవరో తెలుసు, తనదే ఒప్పని కూడా ఆయనకు తెలుసు అని పల్లవిలో దబాయిస్తాడు. యేసు పేరును వాడుకుంటున్నవాడు ఆ బోధకుడు. పాట నవ్వుతున్నది ఆ వాడకాన్ని చూసి. ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టిన ఊరికి ఇది కొత్తగా చెప్పాలా? హరిదాసు రావణుడి మాట పలికితే ఆ పొగరును రావణుడి ఖాతాలోనే వేసుకున్నారు మన పెద్దలు.

మధ్యలో పాట నడక మారుతుంది. అప్పటిదాకా పరుగు తీసిన డ్రమ్స్ నెమ్మదించి జమైకా సంగీతం రెగె తరహా తూగులోకి దిగుతాయి. బ్యాండ్లవాళ్లు దీన్ని బ్రిడ్జ్ అంటారు. నేను చెప్పేది నేను చేయను, ఏ త్యాగమూ నానుంచి ఆశించకండి, జేబునిండా అద్భుతాలైతే ఇప్పిస్తాను అని ఆ మనిషి ఒప్పుకునేది ఇక్కడే. ఈ భాగం తీసేస్తే పాట అర్థం కూలిపోతుంది. వార్షికోత్సవంలో అదే జరిగింది. ఆ సంగతి తరవాత.

ఈ పాట నేపథ్యం చెప్పేవాళ్లంతా అమెరికా టీవీ బోధకుల 1987 కుంభకోణాల దగ్గర మొదలుపెడతారు. అసలు మలుపు అంతకు 27 ఏళ్ల ముందే, ఏ బోధకుడి పేరూ లేని ఒక ప్రభుత్వ కాగితంలో ఉంది. అమెరికాలో రేడియో, టీవీ స్టేషన్లకు లైసెన్సులిచ్చేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. లైసెన్సు నిలబెట్టుకోవాలంటే ప్రజలకు పనికొచ్చే కార్యక్రమాలు కొన్ని వేసి చూపించాలి. అందుకని స్టేషన్లు ఆదివారం పొద్దుట కొంత సమయం పేరున్న పెద్ద చర్చిలకు ఉచితంగా ఇచ్చేవి. 1960లో కమిషన్ ఒక మాట తేల్చింది. ఉచితంగా ఇచ్చిన సమయమైనా, డబ్బు తీసుకుని ఇచ్చినదైనా ప్రజాప్రయోజనం లెక్కలో తేడా లేదంది.

ఇంకేముంది, డబ్బిచ్చే మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే ఉచితంగా ఎవడిస్తాడు? 1959లో అక్కడి మత కార్యక్రమాల్లో 53 శాతం డబ్బిచ్చి వేయించుకున్నవి. 1977 నాటికి అది 92 శాతం. ఉచిత సమయానికి అలవాటుపడ్డ పాత చర్చిలు తెర మీంచి జారుకున్నాయి. తెర మీదే డబ్బు అడగగలిగినవాడు నిలిచాడు.

అక్కణ్ణుంచి ఒక చక్రం తిరగడం మొదలైంది. అరగంట కొనాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు ఆ అరగంటలోనే అడగాలి. స్టేషన్లు పెంచితే చూసేవాళ్లు పెరుగుతారు, బిల్లూ పెరుగుతుంది, అడిగే సమయమూ పెరుగుతుంది. బోధకు మిగిలేది తరుగుతుంది. ఒకటే మాట అడుగుతుంటే చూసేవాడికి మొహం మొత్తుతుంది. అందుకని ప్రతిసారీ కొత్త ఆపద, కొత్త గడువు. మార్చి నెలలోగా 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ 1987 జనవరిలో చెప్పింది ఈ చక్రం మధ్యలో కూచునే. ప్రార్థన కోరుతూ ఉత్తరం రాసినవాడి చిరునామా జాబితాలోకి ఎక్కుతుంది, మర్నాటినుంచి అతని పేరు పెట్టి అచ్చేసిన ఉత్తరాలు ఇంటికొస్తాయి. ఇందులో ఉన్నవాళ్లంతా మోసగాళ్లని అనక్కర్లేదు. నిజాయితీపరుడైనా వచ్చే నెల బిల్లు కట్టాలిగదా. పాటలోని తొందర, ఫోన్ నంబరు, బేరం అన్నీ ఈ ఏర్పాటులోంచి వచ్చినవే.

చక్రం ఎంతదాకా పోతుందో జిమ్ బేకర్ అనే ఇంకో టీవీ బోధకుడి వ్యవహారం చూపించింది. దక్షిణ కరొలైనాలో హెరిటేజ్ యూఎస్ఏ పేరుతో ఆయన క్రైస్తవ విహార కేంద్రం కట్టాడు. 1,000 డాలర్లు పంపితే జీవితాంతం ఏటా మూడు రాత్రులు అక్కడి గ్రాండ్ హోటల్లో ఉచితంగా ఉండొచ్చన్నాడు. హోటల్ గదులు 500. ఈ పథకంలో 25,000 మందినే చేర్చుకుంటామని తెర మీద మాటిచ్చి 66,000 మందికి పైగా చేర్చుకున్నాడు. కాగితం మీద వేసి చూడండి. 500 గదులు, 365 రోజులు, మొత్తం 1,82,500 గది-రాత్రులు. 66,000 మందికి మూడేసి చొప్పున 1,98,000. బయటివాళ్లకు ఒక్క గదీ ఇవ్వకుండా ఏడాది పొడవునా తలుపులు తెరిచినా సరిపోదు. 25,000 దగ్గర ఆగి ఉంటే 75,000 రాత్రులతో సగం గదుల్లోపే లెక్క సరిపోయేది. ఆ పరిమితి ఎందుకు పెట్టారో అర్థమవుతోంది, ఎందుకు దాటారో కూడా.

1987లో అక్రమ సంబంధం, దాన్ని కప్పిపెట్టడానికి ఇచ్చిన సొమ్ము బయటపడి ఆయన పీఠం దిగాడు. పత్రికలు పడకగది కథనే ఎక్కువ రాశాయి. కోర్టులో నిలిచింది హోటల్ లెక్క. 1989 అక్టోబరులో 24 అభియోగాలపై దోషిగా 45 ఏళ్ల జైలు, 5 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. వేశ్యతో పట్టుబడ్డ ఇంకో బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ 1988 ఫిబ్రవరిలో వేదిక మీద వలవలా ఏడ్చిన దృశ్యం అందరూ చూసిందే, దాన్ని తిరగదోడక్కర్లేదు.

బేకర్ కేసులో ఒక మలుపు నేటి గొడవకు నేరుగా తగులుతుంది. శిక్ష వేసిన జడ్జి, మతమున్న తమలాంటివాళ్లు డబ్బాశగల బోధకుల వల్ల నవ్వులపాలవుతున్నారన్న అర్థంలో ఓ మాట అన్నాడు. 1991లో అప్పీలు కోర్టు దోష నిర్ధారణను ఉంచి శిక్షను కొట్టేసింది. జడ్జి సొంత మతభావన నొచ్చుకోవడం శిక్షకు కొలబద్ద కాకూడదంది. శిక్ష తగ్గుతూ తగ్గుతూ 8 ఏళ్లకు దిగింది. 1994లో ఆయన విడుదలయ్యాడు. మోసానికి శిక్ష ఉంటుంది, నొచ్చుకోవడానికి లెక్క వేరు. ఆ రెండిటినీ వేరు చేసిన తీర్పది.

ఆల్బమ్ వచ్చిన నవంబరులోనే రాబర్ట్ టిల్టన్ అనే టీవీ బోధకుడి బాగోతం ఏబీసీ టీవీలో వచ్చింది. భక్తులు పంపిన కవర్లు విప్పి, డబ్బు తీసుకుని, ప్రార్థన విన్నపాలను చెత్తడబ్బాలో పారేసిన వైనం. పాట అప్పటికే రికార్డయి ఉంది. టిల్టన్ మీద కోపంతో రాసింది కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

అభ్యంతరం చెబుతున్నవాళ్ల మాటలోనూ ఒకటి తీసిపారేయలేనిది ఉంది. మన పల్లెల్లో పాస్టరు గారికి టీవీ లేదు, విమానం లేదు. పాత బండి మీద రెండు మూడు ఊళ్లు తిరిగి, కానుకల పళ్లెంలో పడే పదులు, ఇరవైలతో నెల గడుపుతాడు. అమెరికా కోటీశ్వరుల మీది పాట ఇక్కడ ఆయన మీదికి తిరుగుతుందని వాళ్ల భయం. పాటను చప్పట్లతో పంచుతున్నవాళ్లను చూస్తే అది ఉత్త భయం కాదనిపిస్తుంది.

ఆ చప్పట్లవాళ్లు ఒకసారి తెల్లవారుజామున తెలుగు ఛానళ్లు పెట్టి చూడాలి. స్వస్థత కూటమి ప్రసంగం అయ్యాక రుద్రాక్షలు, ఆ తరవాత ధనాకర్షణ యంత్రం, మళ్లీ ప్రార్థన నూనె. కింద పరుగెత్తే ఫోన్ నంబర్లు, ఈమధ్య క్యూఆర్ కోడ్. ఎవరు ఏ మతమైనా అందరూ కడుతున్నది స్లాటు అద్దె. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయమవుతాయనే ప్రకటనలను 1954 నాటి మాయా చికిత్సల చట్టం నిషేధించింది. నోటితో చెప్పే సాక్ష్యాల రూపంలో అవి నడిచిపోతూనే ఉన్నాయి.

విజయనగరానికి ఈ తరహా నవ్వు పరాయిది కూడా కాదు. 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన కన్యాశుల్కం 1909 నాటి పాఠంలో సీసాలో దయ్యాన్ని బంధించానని నమ్మించే పూజారి గవరయ్య ఉన్నాడు. సారా దుకాణంలో వందల ఏళ్ల వయసు చెప్పుకునే బైరాగి ఉన్నాడు. ఆ పాత్రల్ని చూసి నవ్విన ఊరు తన మతాన్ని వదులుకోలేదు.

ఇక వేదిక మీద ఏం తప్పిందో చూద్దాం. బ్యాండ్‌కు ఇచ్చిన సమయం తక్కువ. పాట కుదించాల్సి వచ్చింది. కుదింపులో ముందు పోయేది బ్రిడ్జే, ఎందుకంటే అక్కడ డ్రమ్మరు నడక మార్చి మళ్లీ పాత వేగానికి రావాలి. రిహార్సల్ చాలకపోతే తిరిగొచ్చేటప్పుడు గిటారు ఒకచోట, డ్రమ్స్ ఒకచోట పడతాయి. భయపడి తీసేశారు. చరణాల్లో మాటలు ఒత్తుగా, వేగంగా ఉంటాయి. అద్దె సౌండ్ సెట్‌లో గొంతు మైకు కన్నా గిటారు మోత పెరిగితే అవి మునిగిపోతాయి. పల్లవిలో అందరూ కలిసి అరుస్తారు కాబట్టి అదొక్కటే పైకి తేలుతుంది. సెల్‌ఫోన్ మైకు ఆ మోతను ఇంకా నలిపేస్తుంది. మోసగాడి ఒప్పుకోలు పోయి, దబాయింపు మిగిలింది. దానికి పుర్రె మొహం తోడైంది.

ఈ పాట ఎత్తుకునే బ్యాండ్లు కొన్ని పనులు చేయాలి. కుదించక తప్పకపోతే ఒక చరణం తీసేసి బ్రిడ్జ్ ఉంచాలి. బ్రిడ్జ్‌లోకి దిగే నాలుగు బార్లు (తాళం ఆవృతాలు), బయటికొచ్చే నాలుగు బార్లు విడిగా క్లిక్ (వేగం చెప్పే టిక్‌టిక్ చప్పుడు) పెట్టుకుని సాధన చేయాలి. చరణాల్లో గిటారు తగ్గించి గొంతు పైకి తేవాలని సౌండ్ పట్టేవాడికి ముందే చీటీ రాసివ్వాలి. పాట ముందు తెలుగులో రెండు వాక్యాలు చెప్పాలి, ఈ మాటలు ఒక టీవీ బోధకుడు అంటున్నవని. పుర్రె రంగు మానేసి కోటు, టై వేసుకుంటే ఇంకా నయం. జెనెసిస్ వీడియోలో కాలిన్స్ టీవీ బోధకుడి వేషమే కట్టాడు.

అర్జీలో ఎత్తిచూపింది భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్. 2024 జులైకి ముందు అదే భారత శిక్షాస్మృతిలో 295ఏ. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే ఒక వర్గం మతభావాలను గాయపరచాలనే ఉద్దేశం బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో ఉండాలి. 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించింది కూడా ఆ షరతు చూపించే. యథాలాపంగా జరిగిన అవమానం దీని కిందికి రాదంది. పైగా ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోదు. అరచిన పల్లవిలోంచి ద్వేషాన్ని రుజువు చేయాలంటే పాట మాటలన్నీ రికార్డులోకి ఎక్కాలి, బ్రిడ్జ్‌తో సహా.

అర్జీ పోలీసుల దగ్గరే ఉంది. ఇకమీద ఇంగ్లిష్ పాటలకు తెలుగు అర్థం ముందుగా రాసివ్వాలని కళాశాల చెప్పింది. పూర్తి పాట బయటపెడతామని బ్యాండ్ అంటోంది. ఆ రాత్రి రికార్డింగులో బ్రిడ్జ్ లేదు కాబట్టి మళ్లీ పాడక తప్పదు.