ఇంట్లోనే బైక్ హ్యాండిల్ మార్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

బండ్లు బాగుచేయడం నా పని. హ్యాండిల్ బార్ ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగేవాళ్లకు నేనెప్పుడూ వద్దని చెప్పను. పానా పట్టడం వచ్చి, కాస్త ఓపిక ఉంటే అయ్యే పనే. బార్ బిగించడం తేలిక. దాన్ని పట్టుకుని ఉండే వైర్లు, బ్రేక్ పైపు, స్విచ్‌లు కొత్త బార్ మీద సరిగ్గా కుదిరాయా లేదా అన్నదే అసలు పని. నేను వినే అపోహల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: నాలుగు బోల్టులు విప్పి, నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోయింది.

బార్ వరకైతే అంతే. కానీ కొత్త బార్ పాతదానికన్నా ఎత్తుగానో, వెడల్పుగానో ఉంటే యాక్సిలరేటర్ వైరు, క్లచ్ వైరు, బ్రేక్ పైపు, స్విచ్‌ల వైరింగ్ అన్నీ అంత దూరం సాగాలి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక పక్కకు పూర్తిగా తిప్పినప్పుడే ఏది చాలట్లేదో బయటపడుతుంది.

అందుకే ముందు ఇంజిన్ ఆపి ఉంచి, హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి చూడండి. ఏ వైరూ బిగుసుకోకూడదు, ఎక్కడా నలగకూడదు. మీ వేళ్లు పెట్రోల్ ట్యాంకుకూ బార్‌కూ మధ్య ఇరుక్కోకూడదు. ఆ తర్వాత గాలి ఆడే చోట బండికి స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి స్లోలో వదిలేయండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఇంజిన్ శబ్దం రవ్వంత పెరిగినా వైరు లాగుతోందనే అర్థం. ఆ బండితో యూటర్న్ తీసుకుంటే, మీరు రేస్ ఇవ్వకుండానే ముందుకు దూకుతుంది. నన్ను అన్నింటికన్నా భయపెట్టేది ఇదే. పొడవు వైరు వేయించుకునే దాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

క్లచ్ వైరు బిగుసుకుంటే ఇంత వెంటనే తెలియదు. క్లచ్ పూర్తిగా పట్టుకోక, ప్లేట్లు నెమ్మదిగా కాలిపోతాయి. చాలా బండ్లకు క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే వైరు లాగడం మొదలయ్యేలోపు లివర్ వదులుగా కదిలే దూరం, ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

అపోహ: ఏ బార్ అయినా ఏ బండికైనా పడుతుంది.

పడదు. ఎక్కువ బండ్ల బార్ మందం 22 మిల్లీమీటర్లు. కొన్ని క్రూయిజర్లకు 25.4. ఫ్యాట్ బార్ అనేది మధ్యలో 28.6 ఉండి, గ్రిప్పుల దగ్గరికి వచ్చేసరికి 22కి తగ్గుతుంది. దానికి బార్‌ను బండికి పట్టి ఉంచే క్లాంపులు కూడా మార్చాల్సిందే. బార్‌కూ క్లాంపుకూ మధ్య సందు ఉందని రేకు ముక్క చుట్టి బిగించే పద్ధతి మాత్రం దయచేసి వద్దు. గుంతలో పడిన రోజు బార్ చేతుల్లోనే తిరిగిపోతుంది.

అపోహ: క్లాంప్ బోల్టులు ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం. పై క్లాంపుకూ కింది క్లాంపుకూ మధ్య సందు ముందూ వెనకా సమానంగా ఉండాలి.

క్లాంపులు సాధారణంగా అల్యూమినియంవి. బలమంతా పెట్టి బిగిస్తే థ్రెడ్లు ఊడిపోతాయి. 8 మిల్లీమీటర్ల బోల్టులకు చాలా కంపెనీలు 20 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతాయి. మీ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించండి. ఇక సందు సంగతి. చాలా బండ్లలో పై క్లాంపు మీద బాణమో చుక్కో ఉంటుంది, అది ముందు వైపు రావాలి. ముందు బోల్టులు పూర్తిగా బిగించి, తర్వాత వెనకవి బిగించాలి. సందు వెనక మాత్రమే మిగులుతుంది, అదేమీ లోపం కాదు. రెండు వైపులా సమానంగా ఉంచాల్సిన బండ్లూ ఉన్నాయి కాబట్టి ఇక్కడా మాన్యువల్ మాటే ఆఖరు.

అపోహ: స్విచ్ లోపలి పిన్ను అడ్డొస్తే కోసేయొచ్చు.

స్విచ్ బాక్సు విప్పితే లోపల చిన్న పిన్ను ఒకటి కనిపిస్తుంది. అది బార్‌లోని రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త బార్‌కు రంధ్రం లేకపోతే చాలామంది కటింగ్ ప్లేయర్‌తో దాన్ని తుంచేస్తారు. అప్పుడు కుడివైపు బాక్సును పట్టి ఉంచేది స్క్రూల బిగింపు ఒక్కటే. అది కాస్త వదులైతే యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా బాక్సు కూడా తిరుగుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, అన్నీ వదులుగా అమర్చి, బండి మీద కూర్చుని, చేతికి కుదిరిన చోట గుర్తు పెట్టుకుని, పిన్ను పట్టేంత రంధ్రం మాత్రమే వేయాలి. వంపు దగ్గరా, క్లాంపు దగ్గరా డ్రిల్ పెట్టకూడదు. డ్రిల్ వేయొద్దని బార్ తయారుచేసినవాళ్లే చెబితే, రంధ్రం ఉన్న బార్ తెచ్చుకోండి.

అపోహ: డిస్క్ బ్రేక్ మాస్టర్ సిలిండర్ (బ్రేక్ లివర్ దగ్గర ఆయిల్ డబ్బాతో ఉండే భాగం) తీస్తే బ్లీడింగ్, అంటే పైపులోని గాలి తీసేయడం, చేయాల్సిందే.

పైపు విప్పకపోతే అవసరం లేదు. బార్ మీది నుంచి సిలిండర్ తీసి, ఆయిల్ డబ్బా నిటారుగా ఉండేలా గుడ్డతో కట్టి ఉంచండి. తలకిందులైతే పైపులోకి గాలి వెళ్లొచ్చు. పైపు మీద బరువు వేలాడనివ్వకండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, ట్యాంకు మీద దుప్పటి కప్పుకోండి. పొడవు పైపు వేస్తే మాత్రం కొత్త వాషర్లు వేసి బ్లీడింగ్ చేయాలి. బ్రేక్ పనిలో అలవాటు లేకపోతే ఆ ఒక్క పనీ మెకానిక్‌కు ఇవ్వండి.

అపోహ: గ్రిప్పు ఎక్కకపోతే కాస్త నూనె రాస్తే చాలు.

ఎక్కుతుంది, కానీ నూనె ఆరదు కాబట్టి తర్వాత చేతిలో తిరుగుతూనే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ గ్రిప్ గ్లూ గానీ వాడండి. కుడి గ్రిప్పు యాక్సిలరేటర్ ట్యూబ్ మీద ఎక్కుతుంది కాబట్టి దాని రంధ్రం పెద్దది. గ్లూ ఆ ట్యూబ్ లోపలికి పోకుండా చూసుకోవాలి. బార్ చివరి వెయిట్ ఆ ట్యూబ్‌కు రాసుకోకూడదు. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి.

అపోహ: పడినప్పుడు వంకరపోయిన బార్‌ను వంచి సరిచేసుకోవచ్చు.

ఒకసారి వంగిన లోహం అక్కడ బలహీనపడుతుంది, అల్యూమినియం అయితే చెప్పక్కర్లేదు. మార్చాల్సిందే. కాకపోతే కొనే ముందు ఒకటి చూడండి. చాలాసార్లు వంగేది బార్ కాదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వాటి సొంత క్లాంపుల్లో మెలిపడతాయి. బార్ విప్పి చదునైన బల్ల మీద పెడితే నిజం తెలుస్తుంది.

అపోహ: ఎత్తు బార్ వేస్తే నడుం నొప్పి పోతుంది.

కొందరికి పోతుంది. మరికొందరికి ఒంటి బరువంతా నడుం కిందికి దిగి, హైవే మీద గాలి ఛాతీకి కొట్టి, నొప్పి ఇంకా పెరుగుతుంది. మొదట పాత బార్‌నే కొద్దిగా తిప్పి, లివర్ల కోణం మార్చి చూడండి.

అపోహ: ఒకసారి బిగించాక ఇక చూడక్కర్లేదు.

మొదటిసారి నెమ్మదిగా, దగ్గర్లోనే తిరిగి రండి. ఇంటికొచ్చాక క్లాంప్ బోల్టులు, లివర్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. హారన్, ఇండికేటర్లు, ఇంజిన్ ఆపే స్విచ్ పనిచేస్తున్నాయా? ముందు బ్రేక్ నొక్కితే వెనక లైటు వెలుగుతోందా? ఆ లైటు స్విచ్ వైరు ఊడిపోయి ఉండటం నేను తరచూ చూస్తుంటాను.