కెమెరాకు ఫ్యాన్ బిగిస్తే కూల్డ్ కెమెరా అవుతుందా? అపోహలు - వాస్తవాలు

టెలిస్కోపుకు తగిలించే వీడియో కెమెరాలు బాగుచేయడం నా పని. సెన్సర్ వేడెక్కితే బొమ్మలో నాయిస్ (గరుకు చుక్కలు) పెరుగుతుంది; సెన్సర్‌ను బయటి గాలి కంటే చల్లగా ఉంచేవే కూల్డ్ కెమెరాలు. ఎండాకాలం వచ్చిందంటే ఫోన్లో ఒకటే ప్రశ్న: "అన్నా, వెనక చిన్న ఫ్యాన్ పెడితే నాది కూడా కూల్డ్ కెమెరా అయిపోతుందట కదా?" అవ్వదు. ఈ మాట నమ్మే జనం కెమెరాలు పాడుచేసుకుంటున్నారు, అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

ఫ్యాన్ చేసేది ఒక్కటే, కెమెరాలో పుట్టిన వేడిని బయటి గాలిలోకి తోసేయడం. ఆ గాలే 30 డిగ్రీలుంటే సెన్సర్ అంతకంటే కిందికి దిగే ప్రసక్తే లేదు. దిగాలంటే పెల్టియర్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక) ఉండాలి. కంపెనీవాళ్ల కూల్డ్ మోడళ్లు గాలి కంటే 35-40 డిగ్రీలు దిగేది దానివల్లే. వాటి వెనక కనిపించే ఫ్యాన్ పెల్టియర్ వేడి వైపును చల్లార్చడానికి ఉంటుంది. దాన్ని చూసే చాలామంది పొరబడుతున్నారు.

అలాగని ఫ్యాన్ దండగ కాదు. గంటల తరబడి నడిచే సెన్సర్ చుట్టూ ఉన్న గాలి కంటే పది, పన్నెండు డిగ్రీలు వేడెక్కడం మామూలే. 42 దగ్గరున్నది ఫ్యాన్‌తో 34కి వచ్చిందనుకోండి. డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడికే సెన్సర్‌లో పుట్టే ఎలక్ట్రాన్లు) దాదాపు ప్రతి 6 డిగ్రీలకు రెట్టింపవుతుంది కాబట్టి, ఈ 8 డిగ్రీలకు అది 40 శాతానికి పడిపోతుంది. దానివల్ల వచ్చే నాయిస్ వర్గమూలం లెక్కన తగ్గుతుంది గనుక 63 శాతం దగ్గర ఆగుతుంది. నెబ్యులాల (నీహారికల) మీద 5, 10 సెకన్ల ఫ్రేములతో లైవ్ స్టాకింగ్ (ఫ్రేములను అప్పటికప్పుడు ఒకదాని మీద ఒకటి కలపడం) చేసేవాళ్లకు ఇది కంటికి తెలిసే తేడా.

గ్రహాల వీడియోలు తీసేవాళ్లకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. గురుడికి ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు పెట్టారనుకోండి. సెకనుకు 3 ఎలక్ట్రాన్ల డార్క్ కరెంట్ ఉన్నా ఆ కాస్త సేపట్లో పోగయ్యేది 0.03 ఎలక్ట్రాన్. రీడ్ నాయిస్ (సెన్సర్ నుంచి బొమ్మను చదివేటప్పుడు పుట్టే నాయిస్) అయితే ఒక ఎలక్ట్రాన్ దాకా ఉంటుంది, అది చల్లబరిస్తే పోయేది కాదు. పైగా 4000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దగ్గర 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కు దక్కేది ఆకాశంలో 0.15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). స్క్రూలతో బిగించిన ఫ్యాన్ అదురుకే గురుడి పట్టీలు చెదిరిపోతాయి. గ్రహాలు తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి.

మొన్నామధ్య ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. గాలి నేరుగా సెన్సర్‌కు తగలాలని ఎవరో చెబితే కెమెరా బాడీకి డ్రిల్లుతో రంధ్రాలు పెట్టాడు. విప్పి చూస్తే సెన్సర్ అద్దం మీద అల్యూమినియం రజను, అంచున ఒక గీత, బోర్డు మీద చిప్ కాళ్ల మధ్య ఇరుక్కుని మెరుస్తున్న చిన్న తునక. "పోయిందా అన్నా?" అని అడుగుతుంటే అతని గొంతు పూడుకుపోయింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొన్న కెమెరా అది. తునక తీసి, బోర్డు శుభ్రం చేశాక కెమెరా పనిచేసింది, గీత మాత్రం ఉండిపోయింది. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రంధ్రాల అవసరమే లేదు. సెన్సర్ వేడి బోర్డు మీదుగా, థర్మల్ ప్యాడ్ ఉంటే దాని మీదుగా, అల్యూమినియం బాడీకి చేరుతుంది. బాడీ వెనక థర్మల్ టేపుతో హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ) అంటించండి. దానికి 40 మి.మీ. ఫ్యాన్‌ను సిలికాన్ పిన్నులతో తగిలించండి. కెమెరా విప్పే పనే లేదు. 12 వోల్టుల ఫ్యాన్‌ను 7 వోల్టులతో నడిపితే అదురు తగ్గుతుంది, గాలి సరిపోతుంది. బాడీ ప్లాస్టిక్‌దైతే ఈ ఖర్చు పెట్టుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్యాన్ వల్ల సెన్సర్‌కు చెమ్మ పడుతుందని టెన్షన్ వద్దు, గాలి కంటే చల్లబడని దాని మీద నీరు చేరదు. ఆ భయం పెల్టియర్ వాడేవాళ్లకు. ఆంప్ గ్లో (సెన్సర్ సొంత సర్క్యూట్ వల్ల ఫ్రేము అంచుల్లో కనిపించే వెలుగు) ఫ్యాన్‌తో పోదు, డార్క్ ఫ్రేములతోనే (మూత పెట్టి తీసిన ఫ్రేములతోనే) తీయాలి. ఫ్యాన్‌కు కరెంటు కెమెరా ఉన్న యూఎస్‌బీ హబ్ నుంచి తీయొద్దు, మోటారు నాయిస్ ఫ్రేములో అడ్డగీతలుగా రావచ్చు. విడిగా బ్యాటరీ పెట్టుకోండి.

ఫ్యాన్ పెట్టక ముందు తీసిన డార్కులు ఇక పనికిరావు. ఫ్యాన్ వేశాక షార్ప్‌క్యాప్ అనే కెమెరా సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్ ఉష్ణోగ్రత కదలడం ఆగేదాకా ఆగి కొత్తవి తీసుకోండి. తెల్లవారేసరికి గాలి ఐదారు డిగ్రీలు చల్లబడితే మళ్లీ ఒక సెట్ తీయాలి.