ఇంటి పన్ను రసీదులో ఒక వరుస: మన వీధి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మన వీధి పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న ఆదివారం సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నప్పుడు మీలో ఒకరు, శాఖా గ్రంథాలయం పడగొట్టి ఆ స్థలంలో దుకాణాలు కడతారట కదా తాతయ్యా, అద్దెలు వస్తే ఊరికి మంచిదే కదా అని అడిగారు. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఒక్క ఏళ్లు గ్రంథపాలకుడిగా పనిచేసినవాణ్ణి కనుక ఆ మాట వినగానే మనసు కలత పడింది. కలత పడిన మనసుతో చెప్పే మాట పిల్లలకు సరిగా అందదు. అందుకే రెండు రోజులు ఆగి, తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చదివి వినిపించండి.

ముందుగా ఒక పని చేయండి. మీ ఇంట్లో ఇంటి పన్ను రసీదు ఎక్కడ దాచారో అమ్మనో నాన్ననో అడిగి, దాన్ని బయటికి తీయించి చూడండి. నీటి పన్ను, దీపాల పన్ను వంటి వాటి మధ్య గ్రంథాలయ పన్ను అని ఒక వరుస కనిపిస్తుంది. కొన్ని రసీదుల్లో దాన్నే గ్రంథాలయ సెస్సు అంటారు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున ఆ సొమ్ము అదనంగా వసూలవుతుంది. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయం కోసం ఏటా 80 రూపాయలు ఇస్తోంది. పంచాయతీగానీ పురపాలక సంఘంగానీ ఆ డబ్బును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలన్నది చట్టం. పుస్తకాలు, పత్రికలు, బల్లలు, దీపాలు, పంకాలు, ఇలాంటి అవసరాలకు సంస్థ చూసుకునే ఆదాయంలో ముఖ్యమైనది అదే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు తమకు ఇందులో వాటా లేదని అనుకోవద్దు. ఇంటి యజమాని కట్టే పన్ను మీరిచ్చే అద్దెలో నుంచే వస్తుంది. కాబట్టి ఆ భవనం ఖాళీ స్థలం ఎంతమాత్రం కాదు. మీరందరూ ఏళ్ల తరబడి డబ్బు కడుతూ వస్తున్న మీ సొంత గది అది. అక్కడ దుకాణాలు కడితే బాగుంటుందా అని ఆలోచించే ముందు, మన సొంత గదిని మనం ఎందుకు వదులుకోవాలి అన్న ప్రశ్న రావాలి.

ఈ చట్టం ఎలా వచ్చిందో కూడా మీకు తెలియాలి. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1948లో అక్కడ గ్రంథాలయ చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వచ్చింది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఉమ్మడి చట్టం చేశారు. అయితే ఈ చట్టాలకు అర్ధ శతాబ్దం ముందే తెలుగువాళ్లు ఎవరూ అడగకుండానే గ్రంథాలయాలు పెట్టుకున్నారు. ప్రభుత్వ పని, చదువు ఉర్దూలో నడుస్తున్న నిజాం రాజ్యంలో, తెలుగు చదివేవాళ్లకు ఒక చోటు ఉండాలని కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మరికొందరు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవలసిన ఆ రాజ్యంలో నలుగురు ఒకచోట కూర్చుని పత్రిక చదువుకుంటూ లోకం సంగతులు మాట్లాడుకోగలగడం ఎంత పెద్ద విషయమో ఊహించండి. తరువాతి కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మి, జనానికి చదువు రుచి చూపించారు.

ఇటు కృష్ణా తీరాన 1914 ఏప్రిల్‌లో విజయవాడలో గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా సమావేశమై తమకొక సంఘం ఏర్పరచుకున్నారు. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. దాని వెనుక ఉండి నడిపించినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా బతికినంత కాలమూ ఆయనకు ఇదే పని. చేనేతకు పేరుపడిన వేటపాలెంలో ఊటుకూరి వేంకటసుబ్బరాయ శ్రేష్ఠి గారు 1918లో ఆరంభించిన సారస్వత నికేతనం నేటికీ నిలిచి ఉంది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. వందేళ్ల నాటి తెలుగు పత్రికలు చూడవలసి వచ్చిన పరిశోధకులు ఆ చిన్న ఊరికి వెళ్లక తప్పదు. నగరాల్లోని పెద్ద పెద్ద సంస్థలు పోగొట్టుకున్న సంచికలను ఒక పల్లెటూరు దాచి ఉంచిందంటే నాకు ఈనాటికీ గర్వంగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఒకటి ఉంది. రోడ్లు, బస్సులు అంతగా లేని రోజుల్లో మన డెల్టా జనం కాలువల్లో పడవల మీద ప్రయాణం చేసేవారు. ఆ ప్రయాణం నిదానంగా సాగేది, గంటల తరబడి ఊరికే కూర్చోవలసి వచ్చేది. అది చూసి పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలోనే గ్రంథాలయం పెట్టించారు. ప్రయాణికులు చదువుకునేవారు, గట్టు మీది ఊళ్లకు కూడా పుస్తకాలు అందేవి. చదువరి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే చదువరి దగ్గరికి పోవాలన్న ఆలోచన అది. మన ఊరి కాలువ వంతెన మీద నిలబడి సెల్ఫీలు దిగేటప్పుడు ఒక్కసారి ఆ పడవను తలుచుకోండి.

ఇక నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. మన గ్రంథాలయం పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంటుంది. పొద్దున తలుపు తీసేసరికి ఇద్దరు ముగ్గురు వృద్ధులు మెట్ల మీద సిద్ధంగా ఉండేవారు. వాళ్లలో కొందరికి ఇంట్లో పత్రిక కొనే స్తోమత లేదు. మరికొందరికి పత్రిక ఉన్నా పలకరించే మనిషి లేడు. పది దాటాక పొలం పని లేని రోజుల్లో రైతులు వచ్చి వ్యవసాయ పుటలు చూసుకునేవారు. సాయంత్రం బడి వదిలాక పిల్లలు బొమ్మల పుస్తకాల బీరువా దగ్గర చేరేవారు. వారపత్రికల సీరియళ్ల కోసం వచ్చే అమ్మలు, తాము చదవడమే కాక పక్కింటివాళ్లకు కథ చెప్పడానికి కూడా గుర్తుపెట్టుకుని వెళ్లేవారు. చివరి గంట మాత్రం ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లది. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి మూడేళ్లపాటు కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుని చదివింది. దీపం ఆర్పే వేళ అయిందని చెప్పడానికి నాకు ప్రతిరోజూ నోరు వచ్చేది కాదు. ఆ పిల్లకు కావలసింది పుస్తకాలు మాత్రమే అయితే ఎక్కడో తెచ్చుకునేదేమో. ఆమెకు ఒక బల్ల, దీపం, నిశ్శబ్దం, ఆడపిల్ల భయం లేకుండా కూర్చోగల చోటు కావలసి వచ్చాయి. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూస్తే, జిల్లాల నుంచి వచ్చిన అలాంటి పిల్లలు ఎంతమందో తెలుస్తుంది. ఏమీ కొనకుండా, ఎవరికీ లొంగకుండా, ఎంతసేపైనా కూర్చోనిచ్చే చోటు మన ఊళ్లో ఇంకెక్కడ ఉందో మీరే వెతికి చెప్పండి.

ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా అని మీరు అంటారని తెలుసు. దొరుకుతాయి, నేనూ వాడుతున్నాను. కానీ ఆ ఫోను ఇంటికి ఒకటే ఉండి, నాన్న పనికి వెళితే నాన్నతోపాటే వెళ్లిపోయే ఇళ్లు మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. పైగా ఫోను మీరు ఇంతకు ముందు చూసినదానికి దగ్గరగా ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ ముందు పెడుతుంది. బీరువాలో అయితే చేపల పెంపకం పక్కన నక్షత్రాల పుస్తకం ఉంటుంది. చేపల కోసం వచ్చినవాడు నక్షత్రాలు పట్టుకుపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

గ్రంథాలయం ఒక్కరోజులో మూతపడదు పిల్లలూ. నేను పనిచేసిన ఒక ఊళ్లో కళ్లముందే అలా జరిగింది. జనం దగ్గర వసూలు చేసిన గ్రంథాలయ పన్నును అక్కడి స్థానిక సంస్థ ఏళ్ల తరబడి జమ చేయకుండా వేరే ఖర్చులకు వాడుకుంది. డబ్బు రాకపోయేసరికి మొదట కొత్త పుస్తకాలు ఆగిపోయాయి. తరువాత పత్రికల సంఖ్య తగ్గింది. వానకు పైకప్పు కారి ఒక బీరువా తడిసినా బాగుచేయించే దిక్కు లేకపోయింది. నేను బదిలీ అయి వెళ్లాక నా స్థానంలో ఎవరినీ వేయలేదు. పక్క ఊరి ఉద్యోగికే అదనపు బాధ్యత అప్పగించారు. ఆయన వారానికి రెండు రోజులు రాగలిగేవాడు. మిగతా రోజుల్లో తాళం చూసి జనం వెనక్కి పోయారు, పోయినవాళ్లు మళ్లీ రాలేదు. చివరికి హాజరు పట్టిక తెరిచి, ఎవరూ రావడం లేదు కనుక ఇది అనవసరమని తేల్చారు. తలుపు మూసి ఉంచి, మనుషులు రావడం లేదనడం అన్యాయం. మన ఊళ్లోనూ ఇప్పుడు కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయంటే, దానికి ముందు ఏమేమి ఆగిపోయాయో అడగాలి.

అందుకని మీకు రెండు పనులు అప్పగిస్తున్నాను. వచ్చే శనివారం సాయంత్రం నాలుగు గంటలకు గ్రంథాలయం మెట్ల దగ్గరికి రండి. సభ్యత్వం దరఖాస్తులు నేను తెచ్చి ఉంచుతాను, నింపడం నేర్పిస్తాను. ధరావతు కట్టలేనివాళ్లు నాకు ముందే చెప్పండి, సిగ్గుపడవద్దు. లోపలికి వెళ్లి హాజరు పట్టికలో మీ పేరు మీ చేత్తో రాయండి. పెద్దల సమావేశంలో మీ తరఫున మాట్లాడేది ఆ పట్టికే. రెండోది, ఇంటి పన్ను రసీదుల నకళ్లు తీసుకురండి. మన వీధి ఇళ్లన్నీ కలిసి గత అయిదేళ్లలో ఎంత గ్రంథాలయ పన్ను కట్టాయో మీరే కూడండి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు ముందుండండి. ఆ మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి, అందులో ఎంత గ్రంథాలయానికి చేరిందో చెప్పమని కోరుతూ అర్జీ పెడదాం. అర్జీ మీరు రాయండి, తప్పులు నేను దిద్దుతాను. నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. అధికారులు ఎలాగూ దండలు వేయడానికి వస్తారు కనుక అర్జీ ఆరోజే చేతికిద్దాం.

దుకాణాల సంగతి అడిగిన చిన్నవాడికి ప్రత్యేకంగా చెప్పండి, నాకు కోపం రాలేదని. ఆ ప్రశ్న అడగబట్టే ఈ ఉత్తరం రాయగలిగాను. శనివారం వాడు నా పక్కన కూర్చోవాలి.

మీ క్షేమం కోరే,
చివరి ఇంటి తాతయ్య