అందరికీ ఒకే మాట చెబితే సమానంగా చూసినట్టేనా? నర్సింగ్‌లో అపోహలు - వాస్తవాలు

కార్తీకం దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎందుకో చెబుతాను.

గుంటూరులో నర్సింగ్ విద్యార్థులకు చదువు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అంతకుముందు వార్డులో డ్యూటీలు చేశాను. ఏటా కొత్త బ్యాచ్‌ను నేను అడిగే మొదటి ప్రశ్న, సేవ అంటే ఏమిటని. "కులం, మతం చూడకుండా అందరినీ ఒకేలా చూడటం మేడమ్" అంటారు. ఎంతో ఇష్టంగా అంటారు, అందుకే కాదనడానికి మనసొప్పదు. కానీ నా అనుభవంలో రోగులకు ఎక్కువ నష్టం చేసింది ఈ మాటే.

అపోహ: అందరికీ ఒకేలా చెప్పి, ఒకేలా చేస్తే సమానంగా చూసినట్టే

కులమతాలను బట్టి వైద్యంలో తేడా చూపకూడదు. అందులో రెండో మాట లేదు. అయితే వార్డులో ఈ "చూడకూడదు" అన్నది మెల్లగా "అడగకూడదు"గా మారిపోతుంది. ఏం తింటారు, ఏ రోజు ఉపవాసం, ఇంట్లో ఏ భాష, సూది ఎవరు వేస్తారు... ఇవేవీ అడగకుండా అందరికీ అవే నాలుగు ముక్కలు చెప్పి డిశ్చార్జి చేసేస్తాం.

నేనూ అలాగే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, షుగర్ ఉన్న ఒక పెద్దావిడను ఇంటికి పంపుతూ "ఇన్సులిన్ ఒక్క పూట కూడా మానొద్దమ్మా" అని గట్టిగా చెప్పాను. అందరికీ చెప్పే మాటే. ఆ వచ్చే సోమవారం సాయంత్రం ఆమెను స్పృహ లేకుండా తీసుకొచ్చారు. షుగర్ నలభై లోపు ఉంది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కిస్తుంటే కూతురు చెప్పింది, "కార్తీక సోమవారం కదండీ, నక్షత్రం చూశాకే తింటుంది" అని. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. "నువ్వు మానొద్దన్నావు కదమ్మా, మానలేదు" అంది.

నేను చెప్పింది చెప్పినట్టు చేసినందుకు ఆమె ప్రాణం మీదకు వచ్చింది. ఉపవాసాలు ఉంటారా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

ఇన్సులిన్ పని చక్కెరను తగ్గించడం. మీరు తిన్నారా లేదా అన్నది దానికి అక్కర్లేదు. షుగర్ 70 కన్నా తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మొదలవుతాయి. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాగని ఉపవాసం రోజున మీ అంతట మీరు సూది మానేయడం కూడా ప్రమాదమే. ముందుగానే డాక్టర్‌కు చెబితే ఉపవాసం ఉండొచ్చో లేదో, ఉంటే డోసు, వేళ ఎలా మార్చాలో చెబుతారు.

రంజాన్‌లోనూ ఇంతే. జబ్బు చేసినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. అయినా ఉండాలనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను కసిరితే ఉపవాసం మానరు, మనకు చెప్పడం మానేస్తారు. అందుకే నెల ముందే అడిగి పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను. "ఇవన్నీ చెబితే సిస్టర్ తిడుతుందేమో" అని భయపడేవాళ్లు ఎంతమందో. దయచేసి భయపడకండి. మేం అడగకపోయినా మీరే చెప్పండి.

అపోహ: హెచ్ఐవీ ఉన్నవారికే గ్లౌజులు, విడిగా బెడ్డు

అందరినీ కచ్చితంగా ఒకేలా చూడాల్సింది ఇక్కడే! ఎవరి రక్తంలో ఏముందో ముఖం చూస్తే తెలియదు. రక్తం తగిలే పని ఏదైనా, రోగి ఎవరైనా గ్లౌజులు వేసుకోవాల్సిందే. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. మంచానికి బోర్డు తగిలించి జబ్బు నలుగురికీ చాటడం క్రూరత్వం.

అపోహ: నర్సింగ్ ఆడపిల్లల చదువు, అదీ ఒక మతం వాళ్లదే

క్రైస్తవ మిషన్ ఆస్పత్రుల వల్ల మొదలైన మాట ఇది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆస్పత్రి తెరిచారు. ఆ చరిత్ర మీద నాకు గౌరవం ఉంది. ఇప్పుడు మాత్రం నా క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, అబ్బాయిలూ ఉన్నారు. బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాలి, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాకు ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. నైట్ డ్యూటీలు చేస్తే పెళ్లి కాదేమో అని అడిగే తల్లిదండ్రుల బెంగ నాకు తెలుసు. మా అమ్మా అదే అడిగింది.

అపోహ: తండాల నుంచి వచ్చిన పిల్లలు వెనకబడిపోతారు

ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పల్నాడు వైపు తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి హాస్టల్లో ఫోన్ కూడా బయటికెళ్లి మాట్లాడేది, తన లంబాడీ భాష ఎవరైనా వింటారేమోనని. ఒకసారి వార్డులో షుగర్ ఉన్న ఒక లంబాడీ అవ్వ మూడు రోజులుగా ఏం చెప్పినా తల ఊపుతోంది. అర్థమైందని కేస్ షీట్‌లో రాసేశారు కూడా. నేను ఆ అమ్మాయిని పిలిచి, "ఇంటికెళ్లాక ఇన్సులిన్ సూది ఎలా వేసుకుంటుందో నీ భాషలో అడిగి, చేయించి చూడమ్మా" అన్నాను.

అవ్వ గలగలా మాట్లాడింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు, మందు సీసా రేకుల కింద గూట్లో పెడుతోంది. మన ఎండలకు అది పాడవకుండా ఎలా ఉంటుంది? పైగా ఎర్ర మూత సిరంజితో తీయాల్సిన, మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌ను ఎవరో ఇచ్చిన నారింజ మూత, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌కు వాడే సిరంజితో తీస్తోంది. అందులో గీత చూసి తీస్తే వెళ్లాల్సిన మందులో సగం కూడా వెళ్లదు. ఆ అమ్మాయి సిరంజి మార్పించింది. సీసాను ప్లాస్టిక్ కవర్‌లో మూతి బిగించి, తడి మట్టికుండలో నీడన పెట్టుకోమంది. అవ్వతో మళ్లీ చెప్పించుకుంది. డిశ్చార్జి రోజున ఆ అవ్వ వార్డు గుమ్మం దగ్గర ఆగి, "మా పిల్ల ఏది?" అని తెలుగులో అడిగింది.