పాత్ చుట్టూ ఎస్‌టీఆర్(): ఎలా వచ్చింది, ఎక్కడ తీసేయొచ్చు

పాత పైథాన్ స్క్రిప్టుల్లో ఓపెన్(ఎస్‌టీఆర్(పాత్)) అని తరచూ కనిపిస్తుంది: ఫైలు ఎక్కడుందో చెప్పే పాత్‌ను ఎస్‌టీఆర్()తో స్ట్రింగ్‌గా, అంటే మామూలు అక్షరాల వరుసగా మార్చి, ఓపెన్()తో ఆ ఫైలు తెరవడమన్నమాట. ఇప్పుడు ఆ ఎస్‌టీఆర్() అనవసరం. అప్పట్లో మాత్రం అది లేకపోతే స్క్రిప్టు నడిచేదే కాదు.

ఫైళ్ల పాత్‌లతో పనిచేసే పాత్‌లిబ్ మాడ్యూల్ 2014 మార్చిలో పైథాన్ 3.4తో వచ్చింది. అందులోని పాత్ ఆబ్జెక్టు స్ట్రింగ్ కాదు, కావాలనే అలా పెట్టారు. చిక్కల్లా చుట్టూ ఉన్న పాత ఫంక్షన్లతోనే: ఓపెన్()కి నేరుగా పాత్ ఇస్తే టైప్‌ఎర్రర్ (ఇచ్చిన విలువ రకం సరికాదనే ఎర్రర్) వచ్చేది. దాంతో ప్రతి కాల్‌లోనూ ఎస్‌టీఆర్() తగిలించడం అలవాటైంది. 2016 డిసెంబరులో విడుదలైన 3.6 వెర్షన్ పెప్ 519 అనే పైథాన్ మార్పు ప్రతిపాదనను అమలు చేసింది. ఓపెన్(), ఓఎస్, ఓఎస్.పాత్ మాడ్యూళ్లలోని ఫంక్షన్లు అప్పటినుంచి పాత్‌ను నేరుగా తీసుకుంటున్నాయి. స్క్రిప్టుల్లో పాత అలవాటు అలాగే మిగిలిపోయింది.

ఉంటే నష్టమేంటి అనిపించవచ్చు. ఎస్‌టీఆర్() దేన్నీ కాదనదు, అదే అసలు ప్రమాదం. ఏదో కారణంగా పాత్ బదులు నన్ (None, అంటే విలువేదీ లేదని చెప్పేది) వస్తే, రైట్ మోడ్‌లో, అంటే రాయడానికి తెరిచిన ఓపెన్(ఎస్‌టీఆర్(నన్)) ఆ పేరుతోనే ఒక ఫైలు సృష్టించి, ఏ ఎర్రరూ లేకుండా ముందుకు పోతుంది. బైట్స్ (అక్షరాలుగా మార్చని ముడి డేటా) వస్తే ముందు బి అక్షరం, కొటేషన్ గుర్తులతో సహా అదే ఫైలు పేరవుతుంది. ఎస్‌టీఆర్() తీసేస్తే నన్ దగ్గర వెంటనే టైప్‌ఎర్రర్ వస్తుంది, తప్పు పుట్టినచోటే దొరుకుతుంది.

అలాగని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఒకేసారి తుడిచేయకూడదు. పైథాన్ మాడ్యూళ్లను వెతికే చోట్ల జాబితా అయిన సిస్.పాత్‌లో స్ట్రింగులే ఉండాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండే ఓఎస్.ఎన్విరాన్‌లో పాత్ పెట్టినా, డేటాను జేసన్ రూపంలోకి మార్చే జేసన్.డంప్స్()కి ఇచ్చినా టైప్‌ఎర్రరే. పాత్ చివర ప్లస్‌తో ‘.బ్యాక్’ కలిపే లైను కూడా విరిగిపోతుంది. ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించే షటిల్.మూవ్() (shutil.move) మరీ ఇబ్బంది పెడుతుంది: 3.9కి ముందు, మొదటి ఆర్గ్యుమెంటు పాత్ అయి, గమ్యం అప్పటికే ఉన్న ఫోల్డరైతే అట్రిబ్యూట్‌ఎర్రర్ వచ్చేది. గమ్యంగా మామూలు ఫైలు పేరు ఇచ్చి పరీక్షిస్తే ఇది బయటపడదు. ఇంకొకటి, ఓపెన్()కి అంకె ఇస్తే దాన్ని ఫైలు పేరుగా కాక, ఫైల్ డిస్క్రిప్టర్‌గా (అప్పటికే తెరిచి ఉన్న ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరుగా) తీసుకుంటుంది. కాబట్టి అంకెలే పేర్లుగా ఉన్న ఫైళ్ల దగ్గర ఎస్‌టీఆర్() ఉండాల్సిందే.

ముందు స్క్రిప్టు నడవాల్సిన అతి పాత పైథాన్ వెర్షన్ ఏదో తేల్చుకోండి. తర్వాత ఒక్కో కాల్ చూస్తూ, ఈ మార్పును వేరే కమిట్‌గా పెట్టండి. పాత్‌ను స్ట్రింగ్‌గా మార్చక తప్పనిచోట ఎస్‌టీఆర్() బదులు ఓఎస్.ఎఫ్‌ఎస్‌పాత్() వాడండి. అది నన్‌నూ అంకెనూ టైప్‌ఎర్రర్‌తో ఆపేస్తుంది. బైట్స్‌ను మాత్రం ఉన్నదున్నట్టే తిరిగిస్తుంది.