చార్‌మత్ తీరంలో సాలగ్రామం

అమ్మ ఆ రాయిని చూడగానే చెప్పులు విడిచేయబోయింది. ఫిబ్రవరి నెల, ఇంగ్లండ్ దక్షిణ తీరం, చెవులు కోసేస్తున్న గాలి. "సాలగ్రామం రా ఇది! ఇలా కాళ్ళ కింద పడేసి తొక్కుకుంటూ తిరుగుతారేమిటి వీళ్ళు?" అంది. ఆమె అరచేతిలో రూపాయి బిళ్ళంత చక్రం, ఇత్తడి రంగులో మెరుస్తోంది. చక్కిలంలా ఒకే వరసలో చుట్టుకుని ఉంది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో మనం విష్ణుచక్రమని కళ్ళకద్దుకునేది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల, లేదా అది రాతిలో వదిలిన అచ్చు. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున బురదలో కూరుకుపోయిన గుల్లలే ఇప్పుడు మన దేవుడి గూట్లో ఉన్నాయి. ఇంగ్లండ్ ఉత్తరాన విట్‌బీ ఊళ్ళోనైతే ఇవి పాములట, హిల్డా అనే సన్యాసిని వాటిని రాళ్ళుగా మార్చేసిందట. మరి పాముకి తలేదీ అని అడిగేవాళ్ళ కోసం అక్కడి వ్యాపారులు తలలు కూడా చెక్కి అమ్మారు!

మేం నిలబడ్డ చార్‌మత్ తీరం డోర్సెట్ కౌంటీలో ఉంది. డెవన్, డోర్సెట్ కౌంటీల అంచున 155 కిలోమీటర్ల మేర సాగే ఈ జురాసిక్ తీరాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చార్‌మత్‌లోనూ పక్కనున్న లైమ్ రీజిస్‌లోనూ సముద్రం పక్కన నిలబడ్డ కొండలు చాలామటుకు నల్లటి బంకమట్టి, మధ్యమధ్య సున్నపురాతి పొరలు. 19, 20 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద అది. వానకు నానుతుంది, జారిపడుతుంది, అలలు మట్టిని కడిగేసి లోపలున్నవి ఒడ్డున వదిలేస్తాయి. అందుకే శిలాజాలు ఏరుకునేవాళ్ళకు సీజన్ వేసవి కాదు, చలికాలం. తుఫాను వెలిసిన మర్నాడు ఇంకా మంచిది.

ఎక్కడ వెతకాలన్నది కూడా సముద్రమే చెబుతుంది. ఇక్కడి చిన్న అమ్మోనైట్లలో చాలావాటిలో గుల్ల పోయి ఆ స్థానంలో పైరైట్ చేరింది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది, బంగారంలా మెరిసి మోసం చేస్తుంది. మామూలు గులకరాయికి దాదాపు రెండింతలు బరువు. అలలు ఒడ్డును చేటలో చెరిగినట్టు చెరుగుతాయి. బరువైనవన్నీ ఒకచోట చేరతాయి. తుప్పుపట్టిన మేకులు, ఇనుప ముక్కలు కనబడ్డచోట మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, వాటి మధ్యే చక్రాలు.

మొదటిసారి వచ్చినప్పుడు నాకివేం తెలియవు. ఇంటికి మోసుకెళ్ళిన ఎనిమిది "శిలాజాల్లో" ఆరు ఉత్తి రాళ్ళే. రాయిగా మారిన చెక్క అని మురిసిపోయింది పోగులు పోగులుగా పెరిగిన కాల్సైట్. మాంసం పోగుల్లా ఉంటుందని ఇక్కడి పాత క్వారీ కూలీలు దానికి బీఫ్ అని పేరు పెట్టారు. ఎముక అనుకున్నది మరీ అన్యాయం. పక్క ఊరి పాత చెత్తకుప్ప కొంత 2008లో కొండచరియతో పాటు కిందకి జారింది. బహుశా అందులోంచి వచ్చిన ఇనుప ముక్క!

ఇప్పుడు ముందు చూసేది రంగు కాదు, లెక్క తప్పని ఆకారం. ప్రాణి పెరిగిన తీరులో ఒక క్రమం ఉంటుంది. గీతల మధ్య దూరం, చుట్టు వెడల్పు లోపలినుంచి బయటికి ఒకే పద్ధతిలో పెరుగుతాయి. బెలెమ్నైట్ అయితే మన చిన్నప్పటి బలపమే. విరిగిన చోట చూస్తే నడిమి చుక్క నుంచి అంచుకి సైకిల్ చక్రం పుల్లల్లా గీతలు కనిపిస్తాయి. స్క్విడ్‌లాంటి జీవి ఒంట్లో ఉండే గట్టి భాగం అది. క్యారమ్స్ స్ట్రైకర్‌కి రెండు పక్కలా గుంట చేసినట్టుంటే ఇక్తియోసార్ అనే చేప ఆకారపు సముద్ర సరీసృపం వెన్నుపూస కావచ్చు. ఆ అదృష్టం నాకింకా పట్టలేదు.

అమ్మ చేతిలోనిది నత్త ఎందుకు కాదు? నత్త గుల్ల సాధారణంగా ఒక పక్కకి గోపురంలా లేస్తుంది, లోపలంతా ఒకటే గది. అమ్మోనైట్ బల్లపరుపుగా చుట్టుకుంటుంది, లోపల వరసగా గదులు. జీవి చివరి గదిలోనే కాపురం ఉండేది. తర్వాత చూడాల్సింది వీపు, అంటే చుట్టు బయటి అంచు. అక్కడ గట్టులా గీత లేచి ఉందా, లేక పక్కల నుంచి వచ్చిన కణుపులు, అంటే గుల్ల మీది ఉబ్బెత్తు గీతలు, అంచు మీదుగా దాటిపోతున్నాయా? దీని కణుపులు మొద్దుగా ఉన్నాయి, వీపు మీదకి వచ్చేసరికి వెడల్పై చదునయ్యాయి. గట్టు లేదు. చార్‌మత్‌లో ఇలాంటిది దొరికితే మొదట గుర్తొచ్చే పేరు ప్రోమైక్రోసెరాస్.

"చార్‌మత్‌లో" అన్న మాటే ఇక్కడ కీలకం. అమ్మోనైట్ జాతులు త్వరత్వరగా మారిపోయాయి కాబట్టి ఒక్కో మట్టిపొరకి దాని సొంత జాతులుంటాయి. పొర తెలిస్తే జాతి తెలుస్తుంది, జాతి తెలిస్తే పొర వయసు తెలుస్తుంది. ఏ తీరమో రాసిపెట్టుకోని రాయి ముద్దుగా ఉండొచ్చు గానీ, దాన్ని చూసి ఎవరూ గట్టిగా ఏమీ చెప్పలేరు. ఫొటో పంపి పేరడిగేవాళ్ళు పక్కన ఒక నాణెం పెట్టి, రెండు వైపులా, వీపు కూడా తీసి, ఊరి పేరు రాస్తే సగం పని అయిపోయినట్టే.

ఏరుకోవడానికి ఇక్కడ పద్ధతులున్నాయి. ఒడ్డున విడిగా పడి ఉన్నవి తీసుకోవచ్చు. అనుమతి లేకుండా కొండను తవ్వకూడదు. ఒక చోటి నియమం ఇంకో చోట చెల్లదు కాబట్టి ప్రతి తీరంలోనూ ముందే అడిగి తెలుసుకోవాలి. చార్‌మత్‌లో ఇంత ఉదారం ఎందుకంటే, మనం తీయకపోతే సముద్రం ఆ గుల్లని కొన్నాళ్ళలో అరగదీసి ఇసక చేస్తుంది. అదే లైమ్‌కి పడమటి పక్కన, మాన్మత్ బీచ్‌లో రాతిపలకల నిండా పళ్ళేలంత అమ్మోనైట్లు పరుచుకుని ఉంటాయి. వాటి మీద సుత్తి ఎత్తేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొండ కిందకి వెళ్ళకపోవడం, పోటు వేళలు చూసుకుని బయల్దేరడం మర్యాద కాదు, ప్రాణభయం. ఇక్కడ శిలాజాలు ఏరి బతికిన మేరీ ఆనింగ్ కుక్క ట్రే 1833లో కొండచరియ కిందే పోయింది. ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

ఆనింగ్ 1823లో ప్లీసియోసార్ అనే పొడుగు మెడ సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరాన్ని వెలికితీసింది. దాని మీద పండితులు లండన్ జియలాజికల్ సొసైటీలో చర్చించుకున్నారు. ఆడవాళ్ళకు ప్రవేశం లేని సంఘం కాబట్టి ఆమె అక్కడ లేదు, వాళ్ళ పత్రంలో ఆమె పేరూ లేదు. ఇప్పుడు అపురూపమైనదేదైనా దొరికితే చార్‌మత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌లో నమోదు చేయించాలి. ఎవరికి, ఎక్కడ దొరికిందో రికార్డులోకి ఎక్కుతుంది. తూర్పున కిమెరిడ్జ్‌లో 2022లో ఒక ఔత్సాహికుడికి ఒడ్డున ప్లయోసార్ అనే పెద్ద తల సముద్ర సరీసృపం మూతి కనిపించింది. ఆయన స్టీవ్ ఎచెస్‌కి కబురు చేశాడు. ఎచెస్ వృత్తిరీత్యా ప్లంబర్‌గా పనిచేసినవాడు. దశాబ్దాలపాటు ఏరిన శిలాజాలతోనే ఆ ఊళ్ళో మ్యూజియం వెలిసింది. డ్రోన్‌తో వెతికితే మిగతా తల కొండ మధ్యలో కనబడింది. తాళ్ళకు వేలాడుతూ తవ్వితీస్తే దాదాపు 2 మీటర్ల పుర్రె! ఆ మూతిని ఎవరైనా గుట్టుగా బ్యాగులో వేసుకుని ఉంటే?

మా రాయి విడిగా దొరికిందే, అరుదైనదీ కాదు. కాబట్టి అమ్మ తీసుకోవచ్చు. ఒక్కటే టెన్షన్. పైరైట్‌కి తేమ పడదు. నా మొదటి చక్రాన్ని ఉప్పునీరు పోయేలా కడక్కుండా, సరిగ్గా ఆరబెట్టకుండా కిటికీ గట్టున పెట్టాను. రెండు చలికాలాలకి తెల్లటి పొడి కక్కి, గంధకం కంపు కొట్టి, ముక్కలైంది. సాలగ్రామమంటే రోజూ అభిషేకం తప్పదాయె.

మంచినీళ్ళలో నానబెట్టి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో చిన్న గాజుడబ్బాలో పెట్టి ఇచ్చాను. అడుగున చీటీ: "చార్‌మత్, తూర్పు ఒడ్డు, విడిగా దొరికింది, ఫిబ్రవరి." విజయవాడ వెళ్ళాక వీడియో కాల్‌లో చూపించింది. డబ్బా మూతకి కుంకుమ బొట్టు, మీద తులసి దళం. "నీళ్ళు పోయడం లేదులే" అంది. "చీటీ మాత్రం నువ్వు కోడిగీతలు గీశావు, నేను మళ్ళీ రాశాను. కింద నా పేరు కూడా పెట్టాను, ఏరింది నేనేగా."