న్యూయార్క్ సెంటుకూ మన పత్తి బండికీ లంకె: అపోహలు – వాస్తవాలు

పెన్‌గంగ నదికి ఇటు మన ఆదిలాబాద్, జైనథ్, బేల. అటు మహారాష్ట్రలోని పాండర్‌కవడ, వణి. పత్తి ఒకటే, మార్కెట్ యార్డులో వినబడే మాటలూ ఒకటే. జిన్నింగ్ (పత్తి నుంచి గింజ వేరుచేసే పని) లెక్క తెలిసినవాళ్లుగా వాటిలో కొన్ని సరిచేస్తున్నాం.

అపోహ: రేటు ఇక్కడి వ్యాపారుల చేతిలోనే ఉంది, అమెరికా వార్తలతో మనకేం పని?

వాస్తవం: మిల్లువాడు పత్తిని దూది, గింజ అని రెండు సరుకులుగా చూస్తాడు. క్వింటాల్ పత్తి ఆడితే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి, మిగతాది తరుగు. దూదికి కొలబద్ద న్యూయార్క్ వాయిదా మార్కెట్, అంటే ముందు నెలల్లో ఇచ్చే సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే చోటు. అక్కడ ధర పౌండుకు సెంట్లలో చెబుతారు, కిలోకు 2.2 పౌండ్లు. ఆ సెంట్లను 2.2తో గుణించి, వందతో భాగించి, డాలరు రేటుతో గుణిస్తే కిలో దూది ధర వస్తుంది. 70 సెంట్లు, డాలరు 85 రూపాయలు అనుకోండి: కిలోకు దాదాపు 131 రూపాయలు, 34 కిలోలకు 4,450. గింజ కిలో 35 అనుకుంటే ఇంకో 2,240. మొత్తం 6,690. ఆడించి బేలు కట్టే ఖర్చు ఇందులోంచే పోవాలి. అక్కడ ఐదు సెంట్లు పడితే ఇక్కడ క్వింటాల్‌కు 318 రూపాయలు పోయినట్టే.

అపోహ: గింజది చిల్లర లెక్క.

వాస్తవం: కిలో గింజకు 5 రూపాయలు మారితే క్వింటాల్ పత్తికి 320 తేడా. గింజ నూనెకు, చెక్కకు (పశువుల దాణా) పోతుంది. ఆ నూనెకు పోటీ పామాయిల్. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపి, మే 23న మళ్లీ వదిలింది. అలాంటి వార్త వంటింటిదే కాదు, పత్తి చేనుది కూడా.

అపోహ: దిగుమతి సుంకం మిల్లుల గొడవ.

వాస్తవం: విదేశీ దూదిపై 2021లో పెట్టిన 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన దగ్గర మొదటి, రెండో ఏరుడు సరిగ్గా ఆ పొడిగించిన నెలల్లోనే. సుంకం లేకపోతే విదేశీ దూది ఆ మేరకు చౌకగా వచ్చి మన ధరను లాగుతుంది; పై లెక్కలోని దూది విలువ 4,450లో 11 శాతమంటే క్వింటాల్ పత్తికి దాదాపు 490 రూపాయలు. ఆ పొడిగింపు రైతుకు అన్యాయమనే మా అభిప్రాయం.

అపోహ: మద్దతు ధర ఉండగా ప్రపంచం ఏమైతే మనకేంటి?

వాస్తవం: 2025–26లో పొడవు పింజ (పోగు పొడవుగా ఉండే) పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు, అదీ తేమ 8 శాతం ఉంటేనే. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత. 12 దగ్గర చేతికొచ్చేది 7,785.60. పన్నెండు దాటితే సీసీఐ (మద్దతు ధరకు కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనదు. బండి ప్రైవేటుకు తిరిగిందంటే పైన వేసిన న్యూయార్క్ లెక్కే మీ ధర.

కాబట్టి మంచు ఆరాక, పొద్దున పది దాటాక ఏరండి. టార్పాలిన్ మీద పలుచగా పరిచి, గంటకోసారి తిరగేసి, సాయంత్రం చల్లబడకముందే ఎత్తేయండి. కుప్ప పైపొర పొడిగా కనిపించి మోసం చేస్తుంది, తేమ కొలిచే మీటరు ముల్లు దిగేది మధ్యకు. అక్కడి నుంచి గుప్పెడు తీసి గింజ కొరకండి: టక్కుమని విరిగితే సరే, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. యూరియా సంచుల్లో ఏరొద్దు. ప్లాస్టిక్ పోగు దూదిలో కలిస్తే బట్టకు అక్కడ రంగు పట్టదు, గ్రేడు పడిపోతుంది. పాత నూలు చీర గుడ్డ చాలు.

సీసీఐ వాళ్ల కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ (పత్తి తెచ్చే రోజు) తీసుకునేది పత్తి ఆరాకే.